అతిశీతల యంత్రాలకు అయస్కాంతపు బెడద

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో టీ తాగే వేళ మన మిత్రులొకరు ఒక ప్రశ్న వేశారు. ఎం.ఆర్.ఐ. గదిలోకి బీరువా తాళంచెవి కూడా తీసుకుపోనివ్వరు కదా, అంత బలమైన అయస్కాంతానికి కరెంటు బిల్లు ఎంత వస్తుందో అని. వచ్చే నెల చెబుతానని మాట ఇచ్చాను. జవాబు కోసం వెతుకుతూ ఉంటే దానికి సరిగ్గా ఎదురుగా నిలబడే ఇంకొక సంగతి కంటపడింది. ఎం.ఆర్.ఐ.లో అంత అయస్కాంత బలాన్ని పుట్టించేది ఏ జాతి పదార్థమో, అదే జాతి పదార్థంతో చేసిన మరికొన్ని యంత్రాలకు భూమి అయస్కాంతమంత స్వల్పమైనది కూడా గిట్టదట. ఈ రెండో సంగతి నన్ను పట్టుకుని వదలలేదు. ఈ రోజు దాని గురించే మనవి చేస్తాను. నేను సైన్సు చదివినవాడిని కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆఫీసులో ఫైళ్ళు నడిపినవాడిని. కనుక పాత పద్ధతిలోనే, నోటు ఫైలు రాసినట్లు, ముందు పూర్వాపరాలు పెట్టి ఆ తరువాత అసలు విషయానికి వస్తాను.

మామూలు రాగి తీగలో కరెంటు పోతుంటే కొంత వేడిగా మారి వృథా అవుతుంది. 1908లో హాలెండు దేశంలోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ అనే ప్రొఫెసరుగారు హీలియం వాయువును ద్రవంగా మార్చారు. మూడేళ్ళ తరువాత, 1911లో, ఆ చల్లదనంలో పాదరసాన్ని పరీక్షిస్తే 4.2 కెల్విన్ దగ్గర దాని విద్యుత్ నిరోధం ఉన్నట్టుండి మాయమైంది. కెల్విన్ లెక్కలో సున్నా అంటే మన సెంటీగ్రేడులో మైనస్ 273. అంతకు మించిన చలి లేదు. ఈ స్థితినే అతివాహకత అంటారు. అతివాహకపు తీగ చుట్టలో ఒకసారి కరెంటు ఎక్కిస్తే అది తిరుగుతూనే ఉంటుంది. ఎం.ఆర్.ఐ. యంత్రంలో ఉన్నది నియోబియం, టైటానియం కలిపి చేసిన తీగ చుట్ట, దాన్ని చల్లగా ఉంచే ద్రవ హీలియం. కాబట్టి మిత్రుల ప్రశ్నకు జవాబు ఏమంటే, ఆ అయస్కాంతాన్ని నిలిపి ఉంచడానికి కరెంటు ఖర్చు లేదు. చల్లదనాన్ని నిలపడానికే ఖర్చంతా.

ఇప్పుడు అసలు సంగతి. అతివాహకానికి, అయస్కాంతానికి పుట్టుకతో వైరం. 1933లో బెర్లిన్‌లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు కనుగొన్నది ఇదే: లోహం అతివాహకంగా మారేటప్పుడు తనలోని అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది. మరీ బలమైన క్షేత్రమైతే అది నెగ్గి అతివాహకతనే చంపేస్తుంది. ఈ రెంటికీ నడుమ ఒక రాజీ మార్గం ఉందని 1957లో రష్యాలో అబ్రికోసోవ్ అనే శాస్త్రవేత్త లెక్క కట్టి చూపారు. కొన్ని రకాల అతివాహకాలు క్షేత్రాన్ని పూర్తిగా వెళ్ళగొట్టవు, పూర్తిగా లొంగిపోవు కూడా. దాన్ని సన్నని దారాలుగా విడగొట్టి లోపలికి రానిస్తాయి. ఒక్కో దారం చుట్టూ కరెంటు గోదావరి సుడిలాగా గిర్రున తిరుగుతూ ఉంటుంది. సుడి నడిబొడ్డున మాత్రం అతివాహకత ఉండదు, అక్కడ ఉన్నది మామూలు లోహమే. అల్యూమినియం వంటి లోహాలు సైతం బాగా పల్చని పొరగా చేసినప్పుడు ఇలాగే సుడులను రానిస్తాయి. ఈ లెక్కకు అబ్రికోసోవ్‌గారికి నోబెల్ బహుమతి 2003లో వచ్చింది. నలభై ఆరేళ్ళు పట్టింది. మన పదోన్నతి ఫైళ్ళే ఆలస్యం అనుకునేవాళ్ళం.

ఒక్కో సుడిలో ఉండే అయస్కాంత పరిమాణం ఇంతేనని ప్రకృతి ఖాయం చేసి పెట్టింది. మన నాణేలలో పైసాకు దిగువ ఏమీ లేనట్లే, దానికి అరా పావులు లేవు. అది ఎంత చిన్నదో ఒక లెక్కతో చెబుతాను. మన ప్రాంతంలో భూమి అయస్కాంత బలం సుమారు 40 మైక్రోటెస్లాలు. ఎం.ఆర్.ఐ.లో సాధారణంగా ఉండే 1.5 టెస్లాలతో పోలిస్తే ఇది 37 వేల వంతుకు తక్కువ. దిక్సూచి ముల్లును తిప్పడానికి తప్ప మన కంటికి కనిపించే పనేదీ చేయలేదు. అయినా ఆ క్షేత్రం ఒక చదరపు సెంటీమీటరు పొరను నిటారుగా తాకితే, అందులో సుడికొకటి చొప్పున పంచడానికి సుమారు 19 లక్షల భాగాలు ఉంటాయి.

ఇక ఆ సున్నితమైన యంత్రాల సంగతి. వెలుతురు నిజానికి ధారగా కాక రేణువులుగా వస్తుందని, ఒక్కో రేణువును ఫోటాన్ అంటారని మన మనవలు బడిలో చదువుకుంటున్నారు. ఆకాశంలో చాలా దూరం నుంచి వచ్చే బలహీనమైన ఫోటాన్లను పట్టడానికి అతివాహకాలతో చేసిన డిటెక్టర్లు వాడుతున్నారు. వీటిలో రకాలున్నాయి. నాకు బాగా నచ్చిన రకం 2003లో కాలిఫోర్నియాలో మొదటిసారి చేసి చూపించినది. అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా తిరుగుతాయి. ఫోటాన్ వచ్చి తగిలితే ఆ జంటలు విడిపోతాయి. జంటలు తగ్గితే ఆ లోహపు చుట్ట పలికే స్వరం కొంచెం దిగుతుంది. స్వరం ఎంత దిగిందో చూసి ఎంత వెలుతురు పడిందో చెబుతారు.

మన పాత వాల్వు రేడియోను జ్ఞాపకం చేసుకోండి. ముల్లు తిప్పుతూ ఉంటే విజయవాడ కేంద్రం ఒకచోట స్పష్టంగా తగిలేది, వెంట్రుకవాసి జరిగితే పోయేది. మంచి సెట్టులో స్టేషను సూదిమొనలాగా తగులుతుంది. చౌకరకం సెట్టులో ఒక స్టేషను మీద ఇంకొకటి పడి సిలోనూ విజయవాడా కలిసి పాడేవి. ఈ డిటెక్టర్లు కూడా అలాగే ఒకే తీగ మీద వందల సంఖ్యలో, ఒక్కొక్కటి ఒక్కో స్టేషనుగా పనిచేస్తాయి. స్వరం ఎంత పదునుగా ఉంటే అంత చిన్న మార్పును కనిపెట్టవచ్చు. ఇప్పుడు ఆ పల్చని పొరలో అయస్కాంత సుడులు చేరాయనుకోండి. లోపల అటూ ఇటూ ఊగే కరెంటు వాటిని కూడా ఊపుతుంది. ఊగినప్పుడల్లా నడిబొడ్డున ఉన్న మామూలు లోహం కొంత శక్తిని మింగుతుంది. దాంతో స్వరం మొద్దుబారుతుంది.

ఎం.ఆర్.ఐ. తీగలోనూ సుడులుంటాయి కదా, అక్కడ లేని బాధ ఇక్కడెందుకు అని మీకు తోచవచ్చు. ఆ తీగలోని సన్నని లోపాలు సుడులను పట్టి కదలకుండా బిగిస్తాయి. తయారుచేసేవారు ఆ లోపాలను కావాలనే ఉంచుతారు. సుడులు కదలనంత కాలం నిలకడగా పోయే కరెంటుకు నష్టం లేదు. డిటెక్టరులో కరెంటు నిలకడగా పోదు, సెకనుకు కోట్లసార్లు దిక్కు మార్చుకుంటుంది. బిగించిన సుడి కూడా కట్టేసిన దూడలాగా తాడు ఉన్నంత మేర కదులుతూనే ఉంటుంది.

ఇంతవరకు పూర్వాపరాలు. ఈ ప్రసంగం నేను ఎవరి కోసం చేస్తున్నానో ఆ ముక్క ఇప్పుడు వస్తుంది.

2016లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వారు తమ డిటెక్టర్ల గురించి ఒక అనుభవాన్ని ప్రకటించారు. వారి డిటెక్టరు అల్యూమినియపు పల్చని పొర. దాన్ని దళసరి అల్యూమినియంతో చేసిన, వెలుతురు చొరని పెట్టెలో బిగించారు. పనిచేసే చలి 0.15 కెల్విన్. అంత చలిలో ఆ పెట్టె కూడా అతివాహకమే కాబట్టి బయటి అయస్కాంతాన్ని దగ్గరికి రానివ్వదు. పెట్టె, సరుకు రెండూ ఒకటే లోహం. ఇంతకన్నా భద్రమైన ఏర్పాటు ఉండదనిపిస్తుంది. అయినా డిటెక్టర్ల స్వరం మొద్దుగా వచ్చింది.

కారణం ఏమిటంటే, పల్చని పొరగా చేసినప్పుడు అల్యూమినియం కొంచెం ముందుగానే, 1.4 కెల్విన్ దగ్గరే అతివాహకం అవుతుంది. దళసరి పెట్టె 1.2 దగ్గర అవుతుంది. పైనుంచి చల్లబరుస్తూ వస్తుంటే 1.4 ముందు వస్తుంది, 1.2 తరువాత వస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్నది ఒక డిగ్రీలో ఐదో వంతు. ఆ ఐదో వంతు దిగేలోపు డిటెక్టరు మేలుకుని ఉంది, పెట్టె ఇంకా నిద్రలో ఉంది. సుమారు 30 మైక్రోటెస్లాల క్షేత్రం, అంటే భూమిది కన్నా తక్కువే, ఆ సందులో దూరి పొరలో సుడులుగా స్థిరపడింది. తరువాత పెట్టె మేలుకుని తలుపు మూసింది. దొంగ ఇంట్లో ఉండగా బయట తాళం వేసినట్లయింది. ఇక ఆ పెట్టె బయటి క్షేత్రాన్ని లోపలికి రానివ్వకపోవడమే కాదు, లోపలి సుడులను బయటికి పోనివ్వదు కూడా.

వారు చేసిన విరుగుడు ముచ్చటగా ఉంది. పక్కన ఒక తీగ చుట్ట పెట్టి, పొర 1.4 దాటే ఆ కాసేపు, ఉన్న క్షేత్రానికి సరిగ్గా ఎదురు క్షేత్రాన్ని పుట్టించి రెండూ కొట్టుకుపోయేట్టు చేశారు. స్వరం మళ్ళీ పదునెక్కింది. చుట్టలో కరెంటు మార్చి సుడులను కావలసినట్లు పెంచి, తగ్గించి కూడా చూశారు. ఒక విషయం వారు నిజాయితీగా చెప్పారు. సుడులు తమంతట తాము కొత్త రొద ఏమీ పుట్టించలేదట. స్వరం మొద్దుబారిన కొద్దీ వెనకనున్న యాంప్లిఫయరు రొద ఎక్కువ లెక్కలోకి వస్తోందట, అంతే. నేరం మోపేటప్పుడు ఇంతవరకే రుజువైంది అని గీత గీసి చెప్పడం నాకు నచ్చింది. మన శాఖాపరమైన విచారణల్లో ఈ గుణం నేను తక్కువగా చూశాను.

ఈ సుడులు దూరడంలో పొర వెడల్పుకు పెద్ద పాత్ర ఉంది. పది మైక్రాన్ల వెడల్పు పట్టీ, అంటే వెంట్రుకలో ఎనిమిదో వంతో పదో వంతో అనుకోండి, స్థూలంగా 20 మైక్రోటెస్లాల దగ్గర సుడులకు చోటివ్వడం మొదలుపెడుతుంది. వెడల్పు రెట్టింపైతే నాలుగో వంతు క్షేత్రమే చాలు. సన్నగా చేసిన కొద్దీ భయం తగ్గుతుంది. నూరు నానోమీటర్ల సన్నని తీగతో చేసే ఇంకొక రకం డిటెక్టరు ఉంది, 2001లో మాస్కో వారు మొదట చూపించినది. ఇదే లెక్క వేస్తే దానికి భూమి క్షేత్రం కన్నా ఐదు వేల రెట్లు కావాలి. కాబట్టి ఆ రకానికి భూమి అయస్కాంతంతో పేచీ లేదు. 2023 డిసెంబరులో సైకీ అనే వ్యోమనౌక మూడు కోట్ల కిలోమీటర్ల అవతల నుంచి లేజరు కాంతి మీద పంపిన వీడియోను కాలిఫోర్నియాలోని పాలొమార్ వేధశాలలో అందుకున్నది ఆ రకమే. వెడల్పుగా చేయక తప్పని చోట పొరకు అక్కడక్కడా చిన్న రంధ్రాలు, గాళ్ళు పెడతారు. వాననీటికి ఇంకుడు గుంట తవ్వినట్లు, సుడులు వచ్చి హాని లేని ఆ గుంటల్లో పడి ఉంటాయి.

ఇంతకూ ఈ దారిన పోయే అయస్కాంతాలు ఎక్కడినుంచి వస్తాయి? భూమిది సరే. మోటార్లు, పంపులు, లిఫ్టులు, ఇనుప తలుపులు, రైళ్ళు అన్నీ కొంత కొంత ఇస్తాయి. హైదరాబాదులో ఉప్పల్ దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు 1964 నుంచి భూమి అయస్కాంతాన్ని కొలుస్తున్నారు. అప్పట్లో అది ఊరి బయట. తరువాత ఊరే దాని మీదికి వచ్చింది. ఇప్పుడు ఆ సంస్థ పేరుతోనే అక్కడ మెట్రో స్టేషను కూడా ఉంది. నగరపు అలజడి లేనిచోట కొలవడం కోసం చౌటుప్పల్‌లో ఇంకొక కేంద్రం పెట్టుకున్నారు. వారు కొలిచేది వేరు, ఈ డిటెక్టర్లు వేరు. కానీ బాధ ఒకే జాతిది.

అన్నింటికన్నా చిత్రమైన శత్రువు ఇంట్లోవాడే. కెల్విన్‌లో పదో వంతు చలికి పోవడానికి వాడే ఒక రకం శీతల యంత్రం అయస్కాంతంతోనే పనిచేస్తుంది. ఒక రకం ఉప్పును కొన్ని టెస్లాల క్షేత్రంలో ఉంచి, ఆ క్షేత్రాన్ని మెల్లగా తగ్గిస్తే ఉప్పు చల్లబడుతుంది. అంటే అయస్కాంతం గిట్టని డిటెక్టరును చల్లబరచడానికి దాని పక్కనే, ఒకే పాత్రలో, ఎం.ఆర్.ఐ.కి మించిన అయస్కాంతం!

రక్షణకు వాడే మొదటి కవచం నికెల్ ఎక్కువగా, ఇనుము తక్కువగా కలిపిన లోహం. 1923లో సముద్రం అడుగున వేసే తంతి తీగల కోసం ఇంగ్లండులో తయారుచేశారు. మ్యూమెటల్ అంటారు. అది క్షేత్రాన్ని అడ్డుకోదు. తనగుండా సులువైన దారి చూపి పక్కకు మళ్ళిస్తుంది, వరదకు కాలువ తవ్వినట్లు. కానీ చాలా సుకుమారం. వంచినా, కింద పడేసినా గుణం తగ్గుతుంది, మళ్ళీ కొలిమిలో కాల్చి నెమ్మదిగా చల్లార్చాలి. గట్టి చలిలో కూడా దాని శక్తి తగ్గుతుంది గనుక, చలికని ప్రత్యేకంగా కాల్చిన రకం వేరే ఉంది. రెండో కవచం నియోబియం పెట్టె. అది 9.2 కెల్విన్ దగ్గరే అతివాహకం అవుతుంది, అంటే అల్యూమినియం పొర కన్నా చాలా ముందే తలుపు మూస్తుంది. ఇందాకటి చిక్కు దీనికి లేదు. ఇంకో చిక్కు ఉంది. తలుపు మూసే వేళకు లోపల ఎంత క్షేత్రం ఉంటే అంత లోపలే ఉండిపోతుంది. అందుకే మొదట నికెల్ కవచం లోపలి క్షేత్రాన్ని ఊడ్చి తక్కువ చేయాలి, ఆ ఊడ్చిన గదికి నియోబియం తలుపు వేయాలి, ఆ తరువాతే డిటెక్టరు మేలుకోవాలి. సామాను అంతా అదే, వరుస తప్పితే ఫలితం లేదు. వరుస తప్పి సుడి చిక్కుకుంటే చేయగలిగింది ఒకటే: మళ్ళీ వేడెక్కించి, మళ్ళీ మొదటి నుంచి చల్లబరచడం.

ఇంత తాపత్రయం దేనికని అడుగుతారు. విశ్వం పుట్టిన కొత్తలో వెలువడిన కాంతి ఇప్పటికీ ఆకాశమంతటా 2.7 కెల్విన్ వేడిమితో మిణుకుమంటోంది. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అనే ఇద్దరికి అది దొరికింది. ఆ కాంతిలోని అతి సూక్ష్మమైన తేడాలను కొలవడానికి దక్షిణ ధ్రువంలో, చిలీ కొండల్లో ఈ జాతి డిటెక్టర్లున్న టెలిస్కోపులు పెట్టారు. వాటిలో చాలా వరకు ఇంకొక రకం, అతివాహకంగా మారే అంచు మీదనే లోహాన్ని నిలబెట్టి ఉంచేవి. ఆ అంచు కూడా అయస్కాంతం తగిలితే జరుగుతుంది. వాటి లెక్క చదివే స్క్విడ్ అనే పరికరమైతే స్వయానా అయస్కాంతాన్ని కొలవడంలో ప్రపంచంలోకెల్లా ఘటికురాలు. దానికి వెలుతురు సంకేతమేదో, దారిన పోయే అయస్కాంతమేదో తేడా తెలియదు.

ఇక్కడే అసలు ప్రమాదం. టెలిస్కోపు ఆకాశాన్ని కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి తుడుస్తూ పోతుంది. భూమి క్షేత్రం స్థిరంగానే ఉన్నా టెలిస్కోపు తిరుగుతోంది కాబట్టి డిటెక్టరుకు అది మారుతున్నట్లే. పైగా ఆకాశం నుంచి వచ్చే మార్పు ఏ తాళంలో వస్తుందో ఇదీ అదే తాళంలో వస్తుంది. మామూలు రొద అయితే వేలసార్లు కొలిచి సగటు తీస్తే పోతుంది. ఇది పోదు. మనలో అకౌంట్సు చూసినవారికి ఇట్టే అర్థమవుతుంది. కూడికలో పొరపాటు అయితే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఓపెనింగ్ బ్యాలెన్సే తప్పు పడితే ప్రతి నెలా లెక్క ముచ్చటగా కుదురుతూనే ఉంటుంది.

అందుకని వారు పెట్టుకున్న తనిఖీలు చూస్తే ముచ్చటేసింది. కొన్ని డిటెక్టర్లకు కావాలని వెలుతురు తగలనివ్వరు. వాటికి గుడ్డి డిటెక్టర్లని పేరు. వెలుతురు చూడని డిటెక్టరు కూడా ఆకాశం కనిపించిందని చెబితే ఆ సాక్షి ఎవరి మాట పలుకుతున్నాడో తెలిసిపోతుంది. టెలిస్కోపు మూతి మూసి అదే తుడుపు తుడిచి చూస్తారు. యంత్రాన్ని దాని ఇరుసు మీద తిప్పి మళ్ళీ కొలుస్తారు. స్క్విడ్‌లోని తీగను ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి, రెండు సున్నాల్లో సమానంగా వచ్చే క్షేత్రం ఒకదానికొకటి చెల్లిపోయేట్టు చేస్తారు.

2014 మార్చి 17న దక్షిణ ధ్రువంలోని బైసెప్-2 అనే టెలిస్కోపు వారు విశ్వం పుట్టుక నాటి గురుత్వ తరంగాల జాడ దొరికిందని ప్రకటించారు. ప్రపంచమంతా పండుగ చేసుకుంది. వారి యంత్రంలో 512 డిటెక్టర్లు. అయస్కాంతం చొరబాటుతో సహా యంత్రంలోని దోషాలన్నీ వెతికి, లేవని తేల్చుకునే బయటికి వచ్చారు. ఆ తేల్చుకోవడం నిలబడింది. నిలబడనిది వేరొకటి. 2015లో ప్లాంక్ ఉపగ్రహం వారి లెక్కలతో కలిపి చూస్తే, దొరికిన సంకేతం మన పాలపుంతలోని ధూళి నుంచి కూడా వచ్చి ఉండవచ్చని, పుట్టుక నాటిదని రుజువు చేయలేమని తేలింది. కొందరు దీన్ని భంగపాటు అన్నారు. నేను ఒప్పుకోను. యంత్రం నిజంగానే ఆకాశాన్ని చూసింది, భూమి అయస్కాంతాన్ని కాదు. అది ముందే తేల్చుకోకపోయి ఉంటే ధూళి దాకా వెళ్ళి వాదించుకునే అవకాశమే ఉండేది కాదు, ఈనాటికీ కవచాల దగ్గరే ఆగి ఉండేవారు. ఆ జాడ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. డిటెక్టర్ల సంఖ్య వందల నుంచి వేలకు పెరిగింది. ఎన్ని పెరిగితే అన్ని పొరలు, అన్ని సుడులకు చోటు.

 ఎం.ఆర్.ఐ. ప్రశ్న వేసిన మిత్రులు ఈ రోజు రాలేదు, మోకాలి నొప్పట. వారికి ఈ కాగితాల నకలు ఒకటి పంపమని కార్యదర్శిగారిని కోరుతున్నాను. తరువాతి అంశం కరువు భత్యం బకాయిలు గనుక మైకు వారికి అప్పగిస్తున్నాను.